ఆన్‌లైన్ కాలేజీకి బస్సు

“ఇకమీదట మీరు విశ్వవిద్యాలయానికి వెళ్ళాల్సిన పనిలేదు. విశ్వవిద్యాలయమే మీ గడపలోకి నడిచివస్తుంది. మీరు మంచం కూడా దిగనక్కర్లేదు.”

ఉన్నత విద్యాశాఖ మంత్రి ప్రేమ్‌చంద్ గారు ఈ చారిత్రాత్మక ప్రకటనను 2006 మార్చిలో మా ఊళ్ళో, ఆదెయ్య బాబాయి మిరప కల్లంలో నిలబడి చేశారు. ఇన్ని ఊళ్ళుండగా నల్లపాడు అవతల ఎక్కడో ఉన్న మా ఊరే ఎందుకని కొందరు కిట్టనివాళ్ళు అడిగారు. పదిహేను కార్లు ఒకేసారి వెనక్కి తిరగడానికి చోటున్న కల్లం అదొక్కటే. ఆయన దూరదృష్టి అలాంటిది.

మాట్లాడుతున్నంతసేపూ మంత్రిగారు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. వేదిక పక్కనే ఎండుమిరపకాయ రాశి నిలువెత్తున పోసి ఉంది. గాలి అటునుంచే వీస్తోంది. మేమూ తుడుచుకున్నాం. ‘గ్రామీణ విద్యార్థుల కోసం కంటతడి పెట్టిన మంత్రి’ అని మర్నాడు పేపర్లో ఫొటో వేశారు. ఆ ఫొటోలో వెనకవరసలో పిల్లనెత్తుకుని ఏడుస్తున్నది నేనే.

పథకం పేరు ‘ఇంటింటా డిగ్రీ’. నాకు డిగ్రీ అత్యవసరంగా కావలసి ఉంది. నా కోసం కాదు, చంకలో ఉన్న రెండు నెలల నగ్మా కోసం.

మాకు దగ్గర్లో బైపాస్ పక్కన ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుంది. పిల్ల పుట్టిన వారానికే నేను వాళ్ళ ఎల్.కే.జీ. ఫారం తెప్పించి చదివాను. అందులో నాలుగో లైను: ‘తల్లిదండ్రులలో కనీసం ఒకరు పట్టభద్రులై ఉండవలెను.’ నా భయాలు అలాంటివి. నగ్మా తుమ్మితే న్యుమోనియా అనుకునేదాన్ని. నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. మేలుకుని ఉంటే ఎల్.కే.జీ. గుర్తొచ్చేది.

మా ఆయన ముస్తాక్ ట్రాలీ ఆటోలో గుంటూరు యార్డుకి మిరపకాయ బస్తాలు తోలతాడు. ఏడో తరగతి. నేను చీరాలలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ దసరా సెలవులకి ఇంటికొచ్చాను. సెలవుల్లో నిఖా అయింది. ఆ సెలవులు ఇంకా అయిపోలేదు.

డిగ్రీకి మూడేళ్ళు. నగ్మా స్కూలుకి మూడేళ్ళు. మంత్రిగారు మా ఇంట్లో చాపమీద కూర్చుని, పిల్ల వయసు కనుక్కుని పథకం రాసినట్టుంది.

జూన్‌లో పంచాయతీ ఆఫీసు మేడమీద ఒక కంప్యూటరు, ఒక టెలిఫోను లైను, ఆరు కుర్చీలు పెట్టారు. ప్రారంభోత్సవంలో మంత్రిగారు కంప్యూటరుకి స్వహస్తాలతో పసుపు కుంకుమ పెట్టారు. కొంత లోపలికి పోయి రెండు మీటలు పనిచేయడం మానేశాయి. వాటితో మాకు పెద్దగా అవసరం రాలేదు.

ముప్ఫైరెండుమందిమి చేరాం. మా ఇంటినుంచి ఆ మేడకి నూటపది అడుగులు. నగ్మా నిద్రపోగానే వెళ్ళేదాన్ని, లేవగానే వచ్చేదాన్ని. మేడ కిటికీలోంచి చూస్తే మా వసారాలో ఉయ్యాల కనపడేది. తెరమీద అర్థశాస్త్రం మాస్టారొకాయన పాఠం చెప్పేవారు. లైను బాగాలేని రోజున ఆయన నోరు తెరిచి అలాగే ఆగిపోయేవారు. నేను రాసుకునేదాకా ఆగే మాస్టారుని చీరాలలో కూడా చూడలేదు.

రెండు నెలలయ్యేసరికి, యార్డుకి కాయ ఎక్కువొస్తే ధరెందుకు పడుతుందో మా ఆయనకి చెప్పాను.

“ఇది నాకు తెలుసుగా,” అన్నాడు. “పదేళ్ళనుంచీ చూస్తన్నా.”

“మీకు పడుతుందని తెలుసు. నాకు ఎందుకు పడుతుందో తెలుసు.”

ఆయన ఇంకో రొట్టె వేసుకున్నాడు.

పాఠకులు గమనించాలి. అప్పటికి పథకం ఇంకా విజయవంతం కాలేదు.

ఎందుకు కాలేదో ఆదెయ్య బాబాయి చెప్పాడు. ఆయన ఆరెకరాల మిరప రైతు. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా తన అరుగుమీదకి పిలిచి కనుక్కుంటాడు.

“ఏందమ్మా సిద్దికా, కాలేజీలో చేరావంట. ఏ బస్సుకి పోతన్నావు?”

“బస్సు లేదు బాబాయ్. పంచాయతీ మేడమీదే.”

“బస్సు లేదా?”

“కంప్యూటర్లో పాఠం వస్తుంది.”

“పాఠం సంగతి కాదమ్మా నేనడిగేది. బస్సు సంగతి.”

మా వైపు కాలేజీ అంటే బస్సు. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు సెంటర్లో ఆగి హారన్ కొడుతుంది. ఎవరి పిల్ల ఎక్కిందో ఊరంతా చూస్తుంది. సాయంత్రం ఎవరి పిల్ల దిగిందో మళ్ళీ చూస్తుంది. ఏ బస్సు ఎక్కితే ఆ చదువు. ఎక్కడానికీ దిగడానికీ మధ్య ఏం జరిగిందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

“యార్డులో షావుకారు ఏం చేస్తాడు?” అన్నాడు ఆదెయ్య బాబాయి. “సంచి కోసి చూద్దాం రా అంటాడు. దోసిట్లోకి కాయ తీసి, తుంచి, వాసన చూసి, అప్పుడు ధర చెబుతాడు. నీ కాలేజీకి కొయ్యటానికి సంచేదమ్మా?”

ఇంటికొస్తే మా అత్త ఖుర్షిదా వెల్లుల్లి వలుస్తూ తన అభ్యంతరం తను చెప్పింది.

“డబ్బాలో మగోడు మాట్లాడతా ఉంటే ఎదురుగా కూర్చుంటన్నావంటగా. ఆడు నిన్ను చూస్తాడా?”

“చూడడత్తా. ఆయనకి మనం కనపడం.”

“కనపడకపోతే మరి పంతులెట్టా అయ్యాడే?”

ముప్ఫైరెండుమంది కాస్తా తొమ్మిదిమందిమి అయ్యాం. ‘ఇంటింటా డిగ్రీకి ఆదరణ కరువు’ అని పేపర్లో పడింది. మంత్రిగారు కాఫీ కూడా ముట్టలేదని చెప్పుకున్నారు. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వచ్చింది. ఆన్‌లైన్ విద్యను ప్రజలు ఆమోదించకపోవడానికి అడ్డంకులేమిటో మూడు వారాల్లో కనిపెట్టి నాలుగో వారంలో తొలగించాలి. అందుకు ‘ఆమోద సాధన ప్రత్యేకాధికారి’గా జక్రయ్య గారిని వేశారు. అంతకుముందు ఆయన గేదెలకి టీకాలు వేయించే శాఖలో ఉన్నారు. అక్కడ కూడా చిక్కు ఆమోదం దగ్గరే.

జక్రయ్య గారు నల్లకళ్ళజోడు, నాలుగు రంగుల పెన్ను, దిండంత ఫైలుతో వచ్చి సరాసరి ఆదెయ్య బాబాయి అరుగుమీద కూర్చున్నారు. శాస్త్రీయమైన సర్వే ఎలా ఉంటుందో నేనప్పుడు చూశాను.

“ఆన్‌లైన్ ఉన్నత విద్యపై మీ అభిప్రాయం?”

“కనపడితే చెబుతా.”

‘దృశ్యమానత లోపం’ అని ఎర్రరంగుతో రాసుకున్నారు.

“మీ మనవరాలు భవ్యని ఇందులో చేరుస్తారా?”

“గేటుందా?”

“లేదు.”

“గోడుందా?”

“లేదు.”

“మరి పిల్లలు దేన్ని దూకి సినిమాకి పోతారయ్యా?”

‘మౌలిక సదుపాయాల లోపం’ అని పచ్చరంగుతో రాసుకున్నారు. తర్వాత నావైపు తిరిగారు.

“నీకేం ఇబ్బందులున్నాయమ్మా?”

“మధ్యాహ్నం కరెంటు పోతుంది సార్. లైను తెగుతుంది. నిన్న పాఠం సగంలో ఆగిపోయింది. సందేహం వస్తే అడగడానికి ఎవరూ లేరు.”

ఆయన పెన్ను ఎత్తలేదు. “అవి చదువుకునేవాళ్ళ ఇబ్బందులమ్మా,” అన్నారు దయగా. “నన్ను వేసింది ఆమోదం కోసం.”

నాలుగో వారంలో పంచాయతీ ఆఫీసు చుట్టూ ఎనిమిదడుగుల గోడ లేచింది. రోడ్డువైపు సింహాలున్న గేటు, పైన కమాను. గేటుకి ఒక కాపలా మనిషి. గుర్తింపు కార్డు లేనిదే ఆయన ఎవరినీ లోపలికి పంపడు. గుర్తింపు కార్డు మేడమీద కంప్యూటర్లోంచి తీసుకోవాలి. పదకొండు రోజులపాటు తొమ్మిదిమందిమీ గేటు బయట నిలబడ్డాం.

ఆ పదకొండు రోజుల్లో ఊరికి మా కాలేజీమీద ఎక్కడలేని గౌరవం వచ్చింది. “చూశావా, అంత తేలిగ్గా రానిస్తల్లా,” అని చెప్పుకున్నారు. పన్నెండో రోజున జక్రయ్య గారు మాకు కార్డులు తెప్పించేసరికి కొత్తగా నలభైమంది చేరారు. మేడమీద కుర్చీలు ఆరే ఉన్నాయి. ఆ సంగతి గోడ బయటికి కనపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

జనవరిలో మంత్రిగారు మళ్ళీ వచ్చారు. ఈసారి పసుపుపచ్చ బస్సు టాపుమీద నిలబడి మాట్లాడారు.

“ఆన్‌లైన్ విద్యారంగంలో బస్సు ప్రవేశపెట్టిన మొట్టమొదటి ప్రభుత్వం మనది. ఇతర రాష్ట్రాలు ఈ దిశగా ఇంకా ఆలోచించనైనా లేదు.”

అది నిజమే అయి ఉంటుంది. చప్పట్లు కొట్టాం. డ్రైవరు బుడాన్ కిందనుంచి జక్రయ్య గారిని వివరాలు అడిగాడు.

“ఎక్కడ ఎక్కించుకోమంటారు సార్?”

“కాలేజీ గేటు దగ్గర.”

“ఎక్కడ దించమంటారు?”

“కాలేజీ గేటు దగ్గర.”

“మధ్యలో ఎటు పోవాలి సార్?”

జక్రయ్య గారు ఆలోచించారు. “మధ్యలో జనం ఉండాలి,” అన్నారు.

ఆ ప్రకారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి, నల్లపాడు రైల్వే గేటు దాటి, మిర్చి యార్డు ముందునుంచి, గుంటూరు సెంటర్లన్నీ తిరిగి, మంగళగిరి కొండ కనపడేదాకా వెళ్ళి, అక్కడ మంచినీళ్ళు తాగి, వచ్చిన దారినే తిరిగొచ్చి సాయంత్రం అయిదూ అయిదుకి గేటు దగ్గర దిగేవాళ్ళం. మేడమీద గది అయిదింటికి మూసేస్తారు. యూనిఫారం నీలం చుడీదారు, తెల్ల చున్నీ. హాజరు బస్సులోనే తీసుకునేవారు. నలుగురూ చూసేచోట తీసుకున్న హాజరుకి విలువెక్కువని ఉత్తర్వులో ఉంది. డెబ్భై అయిదు శాతం లేకపోతే పట్టా లేదు.

నేను జక్రయ్య గారి దగ్గరికి వెళ్ళాను. “సార్, పాఠం ఎప్పుడు వినాలి?”

“ఆన్‌లైన్ గొప్పదనమే అది కదమ్మా. ఎప్పుడైనా వినొచ్చు, ఎక్కడైనా వినొచ్చు.”

“మేం బస్సు దిగేసరికి గది మూసేస్తున్నారు సార్.”

“ఎప్పుడైనా అన్నాను గానీ ఇప్పుడే అన్లేదుగా.”

మంచం దిగనక్కర్లేదన్న మాట గుర్తుంది. కానీ నాలుగో లైను అంతకంటే బాగా గుర్తుంది. బస్సెక్కాను. నగ్మాకప్పుడు ఏడాది నిండింది. గోడ పట్టుకుని నిలబడుతోంది. అది మొదటి అడుగు వేసినప్పుడు నేను మంగళగిరి దగ్గర మంచినీళ్ళు తాగుతున్నాను.

“నాలుగడుగులేసిందే,” అంది మా అత్త సాయంత్రం. “నాలుగో అడుగుకి వెనక్కి తిరిగి నువ్వున్నావేమోనని చూసింది.”

ఎంత పిలిచినా ఆ సాయంత్రం అది మళ్ళీ నడవలేదు.

ఖాళీగా కూర్చోవడం ఎందుకని బస్సు మొదలైన మూడో రోజే నేను బస్సులోకి అర్థశాస్త్రం పుస్తకం తెచ్చుకున్నాను. నల్లపాడు గేటు పడింది. పత్తి బేళ్ళ గూడ్సు పోతోంది. నేను పుస్తకం తెరిచాను. జక్రయ్య గారు ముందు సీట్లోంచి లేచివచ్చారు.

“అమ్మా, మూసెయ్.”

“పాఠ్యపుస్తకమే సార్.”

“ఏ పుస్తకమైనా తల వంచే చదవాలిగా. నువ్వు తల వంచితే బయటినుంచి చూసేవాళ్ళకి సీటు ఖాళీగా కనపడుద్ది. ఒక్క ఖాళీ సీటు చాలు, ఆమోదం దెబ్బతింటానికి. తల పైకి. చూపు ముందుకి. మొహం కిటికీకి.”

మర్నాటికి ఆ మూడు మాటలూ డ్రైవరు సీటు వెనక పెయింటుతో రాయించారు.

పథకం ఇప్పుడు పుంజుకుంది. మేం రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు రోడ్డువార జామకాయలమ్మే వెంకటరావమ్మ అందరికీ వినపడేటట్టు అనేది: “ఎంత క్రమశిక్షణ చూడండి. ఒక్క పిల్లన్నా తల దించుద్దేమో చూస్తన్నా, దించదు. చదువంటే అట్టా చెప్పాల.” వేసవి అయ్యేసరికి మూడు బస్సులు. రెండో ఏడాదికి ఏడు. తొమ్మిదిమందిమి కాస్తా నాలుగువందల మందిమి అయ్యాం. ఆదెయ్య బాబాయి భవ్యని తనే తీసుకొచ్చి ఎక్కించి, బస్సు ఇనుము మీద రెండుసార్లు అరచేత్తో కొట్టి చూశాడు.

“సరుకు గట్టిదే,” అన్నాడు.

భవ్య నా పక్కన కూర్చుంది. చురుకైన పిల్ల.

“అక్కా, మనది ఏ గ్రూపు?”

“బీయే అనుకుంటా.”

“నాకు బీకామ్ అని చెప్పారే.”

“అయితే నువ్వు ఎడమవైపు కిటికీ.”

అది కూడా జక్రయ్య గారి ఆలోచనే. కుడివైపు ఆర్ట్స్, ఎడమవైపు కామర్స్. సైన్సు వాళ్ళది ముందు ఇంజను పక్క సీటు, వేడి తెలుస్తుందని.

మేడమీది గదిలో బస్సుల స్పేరు టైర్లు పెట్టారు. కంప్యూటరుకి దుమ్ము పట్టకుండా మీద ఒక టైరు కప్పారు. టెలిఫోను లైను మాత్రం బాగా పనికొచ్చింది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో దానిమీదే కనుక్కునేవారు. ఒకసారి నేను సాయంత్రం దిగుతూ కిటికీవైపు చూస్తే లోపల టైర్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఆ అర్థశాస్త్రం మాస్టారు ఆ కింద ఎక్కడో నోరు తెరిచి ఆగిపోయి ఉంటారనిపించింది.

మా ఇంట్లో నా పరువు పెరిగింది. డబ్బాలో మగాడిని ఒప్పుకోని మా అత్త బస్సుని వెంటనే ఒప్పుకుంది. ఏటా కాలేజీ వాళ్ళిచ్చే బస్సు పాసుమీద నా ఫొటో, దానిమీద గుండ్రటి ముద్ర ఉండేవి. ఏడాది కాగానే పాసుని అత్త తీసుకుని బిస్కట్ డబ్బాలో దాచేది. చుట్టాలొస్తే డబ్బా తీసేది.

“డిగ్రీ ఎట్టా ఉంటదో నేను చూళ్ళా,” అనేది. “ఇదైతే మొహముంది, ముద్రుంది.”

నగ్మా నన్ను ‘అమ్మ’ అనే ముందు ‘బచ్చు’ అంది. పొద్దున హారన్ వినపడితే ఏడ్చేది, సాయంత్రం అదే హారన్ వినపడితే నవ్వేది. ఒకరోజు దానికి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. హాజరు డెబ్భై అయిదుకి పైనే ఉంది, ఒకరోజు మానొచ్చు. కానీ నాలాంటిదానికి మానొచ్చు అన్న ధైర్యం ఉండదు. ఎక్కాను. తల పైకి, చూపు ముందుకి, మొహం కిటికీకి. యార్డు దగ్గర ఎవరో ఆడమనిషి నన్ను చూపించి తన కూతురితో ఏదో చెబుతోంది. నాలాగా చదువుకోమని అయి ఉంటుంది.

మూడో ఏడాది చివర్లో మళ్ళీ భయం పట్టుకుంది. బస్సు రాకముందు విన్న పాఠాలు తప్ప నాకేమీ రాదు. జక్రయ్య గారిని అడిగాను.

“పరీక్షలెప్పుడు సార్?”

“పరీక్ష పెడితే ఏమయిద్దమ్మా?”

“కొందరు తప్పుతారు సార్.”

“తప్పితే?”

“పేపర్లో వేస్తారు.”

“వేస్తే?”

కాస్త ఆలోచించాను. “ఆమోదం తగ్గుతుంది సార్.”

జక్రయ్య గారి మొహం వెలిగింది. “నువ్వు బాగా చదువుకున్నావమ్మా,” అన్నారు. నేను రాసిన పరీక్ష అదొక్కటే.

2009 మార్చిలో స్నాతకోత్సవం అదే కల్లంలో జరిగింది. నాలుగువందల నల్ల గౌనులు, నడినెత్తిన ఎండ, పక్కన ఆదెయ్య బాబాయి కొత్త కాయ రాశి. మంత్రిగారు ఈసారి కూడా కన్నీళ్ళు పెట్టుకున్నారు. అత్యధిక హాజరుకి బంగారు పతకం నాకే వచ్చింది. మంత్రిగారు స్వయంగా నా మెడలో వేసి మైకు అందుకున్నారు.

“ఈ చెల్లెమ్మ ఒక్కరోజు కూడా బస్సు తప్పలేదు. బిడ్డకి జ్వరమొచ్చినా తప్పలేదు. ఇలాంటి పట్టాను కాదనే ధైర్యం ఈ రాష్ట్రంలో ఏ సంస్థకుందో నేనూ చూస్తాను.”

కల్లమంతా చప్పట్లు. మా ఆయన ట్రాలీ ఆటోలో నిలబడి హారన్ కొట్టాడు. ముందువరసలో అత్త ఒళ్ళో కూర్చున్న నగ్మా ఆ హారన్‌కి ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. నేను మళ్ళీ వెళ్ళిపోతున్నాననుకుంది.

జూన్ మొదటివారంలో బైపాస్ పక్క స్కూల్లో ఇంటర్వ్యూ. పట్టా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను, పతకం మెడలో వేసుకున్నాను. తోడుగా అత్త వచ్చింది. ఎందుకైనా మంచిదని బిస్కట్ డబ్బా కూడా తెచ్చుకుంది. ఆమెకి ఆ డబ్బా లేకుండా నా చదువుమీద మాట్లాడే అలవాటు లేదు.

గదిలోకి పిలిచారు. బల్ల వెనక, కరస్పాండెంట్ అని చెక్కిన పలక వెనక, మంత్రి ప్రేమ్‌చంద్ గారు కూర్చుని ఉన్నారు. స్కూలు బోర్డుమీద వాళ్ళమ్మగారి పేరుంటుంది. అందుకని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. నా గుండె తేలికపడింది.

“పట్టభద్రులెవరు?” అన్నారు ఫారం చూస్తూ.

“నేనే సార్.”

పట్టా అందుకున్నారు. చదివారు. వెనక్కి తిప్పి చూశారు. బల్లకి ఒక మూలగా పెట్టారు.

“ఇది ఆన్‌లైను కదమ్మా.”

“అవును సార్. ఇంటింటా డిగ్రీ.”

“మా స్కూలుకి ఒక స్టాండర్డ్ ఉంది.”

“మీరే ఇచ్చారు సార్. మార్చిలో, కల్లంలో. ఇది కూడా మీరే వేశారు,” అని పతకం చూపించాను.

ఆయన పతకాన్ని గుర్తుపట్టారు. “ఇచ్చాను. ఎందుకు కాదంటాను? ఇవ్వడం ప్రభుత్వ కార్యక్రమం. తీసుకోవడం సొంత వ్యవహారం.”

నగ్మా నా చున్నీ కొస నోట్లో పెట్టుకుని నములుతోంది. నేను చూడని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి వెతుక్కున్న పిల్ల. పట్టా తీసుకుని లేద్దామనుకుంటుంటే పక్కన డబ్బా మూత చప్పుడైంది. మా అత్త మూడు బస్సు పాసులూ తీసి, చీర కొంగుతో తుడిచి, బల్లమీద వరసగా పేర్చింది.

“ఇయ్యి చూడు బాబూ.”

మంత్రిగారు ఒకటి తీసుకున్నారు. వెలుతురుకెత్తి ముద్ర చూశారు. రెండోది తీసుకున్నారు.

“బస్సుందా?” అన్నారు నెమ్మదిగా.

“బస్సేనయ్యా అంతా. పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే సాయంత్రం దీపాలేళకి దిగేది. ఊరూరూ సాక్ష్యం. కావాలంటే డ్రైవరుని పిలిపిచ్చి అడుగు.”

“ఆ మాట ముందే చెప్పొద్దామ్మా?” అని ఆయన నన్ను కోప్పడ్డారు. “అనవసరంగా పట్టా చూపించి కంగారుపెట్టావు. ఇది రెగ్యులరే.”

ఫారంలో నాలుగో లైను ఎదురుగా టిక్కు పెట్టారు. నియమం ప్రకారం పిల్లని కూడా ఒక ప్రశ్న అడగాలి కాబట్టి ముందుకి వంగారు.

“మీ అమ్మ ఏం చదివింది పాపా?”

నగ్మా చున్నీ నోట్లోంచి తీసి, “చదవలా. బస్సెక్కింది,” అంది.

“తెలివైన పిల్ల,” అని మంత్రిగారు ఆనందంగా సంతకం చేశారు.

స్కూలు తెరిచిన రోజున ఎనిమిదింటికి పసుపుపచ్చ బస్సు మా గుమ్మం ముందే ఆగింది. డ్రైవరు సీట్లో బుడాన్.

“ఏం చెల్లెమ్మా, అలవాటుగా ఎక్కబోతావేమో, ఇయ్యాల నువ్వు కాదు,” అని నవ్వాడు. బస్సుకి కొత్త రంగేశారు. పక్కన స్కూలు పేరు రాశారు. అక్షరాల కింద పాత అక్షరాలు ఇంకా లీలగా కనపడుతున్నాయి.

ఆ రోజంతా నేను వసారాలో కూర్చున్నాను. నగ్మాకి నీళ్ళ సీసా మూత రాదు. ఆకలేస్తే అడగదు. అయిదూ అయిదుకి హారన్ వినపడింది. పరుగెత్తాను. దించుకున్నాను, కాళ్ళు కడిగాను, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

“ఏం చెప్పారమ్మా బళ్ళో?”

అది నా ఒళ్ళోంచి దిగింది. పీట తెచ్చి కిటికీ ముందు వేసుకుంది. కూర్చుని, నడుం నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి, వీధివైపు మొహం తిప్పి, కదలకుండా ఉండిపోయింది.

“ఇట్టా కూచోవాలంట.”

“తర్వాత?”

“తర్వాత కూడా.”

మా అత్త వెల్లుల్లి వలవడం ఆపి మనవరాలిని తేరిపార చూసింది. దాని మెడలోంచి కొత్త బస్సు పాసు జాగ్రత్తగా తీసి బిస్కట్ డబ్బాలో పెట్టింది.

“ఫర్లేదే,” అంది మూత నొక్కుతూ. “మొదటిరోజే బాగా చెప్పారు.”